'ప' లేని పారుపల్లిపేట

పారుపల్లిపేట పురపాలక సంఘం వారు 'ప' అనే అక్షరాన్ని తమ పరిధిలో నిషేధించిన సంగతి మీరు పేపర్లో చదివి ఉండరు. అది మీ తప్పు కాదు. ఆ వార్త రాయాలంటే ముందు ఊరి పేరు రాయాలి. ఊరి పేరులోనే మూడుసార్లు నేరం చేయాల్సి వస్తుందని లెక్క తేల్చుకుని విలేకరి గారు కలం మూసి జేబులో పెట్టుకున్నారు. అందుకని ఈ సంగతి ఇలా నోటి మాటగానే మిగిలిపోయింది.

దీనికంతటికీ కారణం పరంధామయ్య నోరు. బస్టాండు ఎదురుగా పెసరట్ల హోటలు ఆయనది. హోటలంటే నాలుగు బల్లలు, ఒక పెనం, పెనం దగ్గర ఆయన, గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య సూరీడమ్మ. అల్లం, పచ్చిమిర్చి దట్టించి ఆయన తీసే అట్టు కోసం బస్సులు కూడా కాస్త ఎక్కువసేపు ఆగేవి. మనిషి మంచివాడు, చెయ్యి మంచిది, మాట దగ్గరే వచ్చింది చిక్కు. చిన్నప్పటి నుంచీ ఆయనకి 'ప' దగ్గర నత్తి. మిగతా అక్షరాలన్నీ బుద్ధిగా వచ్చేస్తాయి, 'ప'తో మాట మొదలుపెడితే మాత్రం పెదాలు రెండూ అతుక్కుపోతాయి. అలాంటివాడికి తల్లిదండ్రులు పరంధామయ్య అని పేరు పెట్టారు, కులదైవం పెసరట్ల వ్యాపారం పెట్టించాడు, ఆ రెండూ చాలనట్టు పారుపల్లిపేటలో పుట్టాడు. అందరూ కూడబలుక్కున్నట్టే ఉంది.

ఊరు ఊరుకుంటుందా? రైసుమిల్లు నాగభూషణం ఓ రోజు పొరుగూరి బంధువులని వెంటేసుకొచ్చి, "మా వాడి పేరు ఏంటో వాడినే అడగండి" అన్నాడు. పరంధామయ్య పెదాలతో కుస్తీ పడుతుండగానే, "పప్పప్ప అండీ, పప్పప్ప" అని తానే నామకరణం చేసేశాడు. ఆ పేరు పిల్లల దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా పాకింది.

నిజానికి పప్పప్ప అన్నందుకు పరంధామయ్య అంతగా బాధపడలేదు. ఆయన బాధ వేరు. ఆయన 'ప' అనగానే ఎదుటివాడు ఆ మాట లాక్కుని పూర్తిచేసేసేవాడు. ఒకడు "పచ్చడా?" అనేవాడు, ఇంకొకడు "పార్సెలా?" అనేవాడు, మూడోవాడు "పాత బాకీయా?" అనేవాడు. ఎవడో ఒకడికి సరైన మాట తగిలేదాకా అది వేలంపాటలా సాగేది. చివరికి ఆయన తలాడించి అట్టు తిరగేసుకునేవాడు. ఇన్నేళ్ళ బతుకులో ఇంటి గడప దాటాక ఒక్క 'ప' మాటని తన నోటితో చివరిదాకా అన్న గుర్తు ఆయనకి లేదు. ఎవరైనా ఒక్కసారి ఆగి, ఆ మాట వచ్చేదాకా వింటే బాగుండునని ఆయన ఆశ. అంతకు మించి ఊరి నుంచి ఆయన కోరుకున్నది ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో కమిషనర్ చిదానందమూర్తి గారు రాజధానిలో 'వాక్కు - వ్రణము' అనే శిక్షణ ముగించుకుని బస్సు దిగారు. మాట కూడా మనిషిని గాయపరుస్తుందని ఆయనకి ఆ శిక్షణలోనే తెలిసింది. పాతికేళ్ళుగా కింది ఉద్యోగుల్ని తిడుతూ వస్తున్నా, వాళ్ళలో ఒక్కరూ ఈ ముక్క ఆయన చెవిన వేయలేదు.

ఆయన టిఫిను కోసం పరంధామయ్య హోటల్లో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే నాగభూషణం, "పప్పప్పా, ఓ ప-ప-పెసరట్టు" అన్నాడు. నాలుగు బల్లలూ నవ్వాయి. కమిషనర్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది జాలి వల్లనా, అల్లం పచ్చడి వల్లనా అన్నది తర్వాత సంఘంలో చర్చకు వచ్చింది గానీ తేలలేదు. ఆయన లేచి పెనం దగ్గరికి వెళ్ళి, "మీకు మనోవ్యథ కలుగుచున్నదా?" అని అడిగారు. అంత పెద్ద అధికారి అట్టు చల్లారబెట్టుకుని లేచి వచ్చాడే అని పరంధామయ్య కంగారుపడ్డాడు. పర్వాలేదండీ, కూర్చుని తినండి అందామనుకున్నాడు.

"ప... ప..."

"పరాభవము!" అని పూర్తిచేశారు కమిషనర్ గారు. "విన్నారు కదా, బాధితుని నోటనే వెలువడినది."

వారం తిరక్కుండా తీర్మానం వచ్చింది. ఊళ్ళో ఎవరూ పప్పప్ప అనరాదు. అన్నవారికి రుసుము. అమలు చేయడానికి వాక్శుద్ధి విభాగం వెలిసింది. కొత్త ఉద్యోగాలకి మంజూరు లేదు కనుక కాలవలు తీయించే శానిటరీ ఇన్‌స్పెక్టర్లకే ఆ బాధ్యత అప్పగించారు. మురుగు కాలువలో ఉన్నా నోటిలో ఉన్నా మురుగేనని కమిషనర్ గారు సెలవిచ్చారు. ఇన్‌స్పెక్టర్లు చేతికర్రలు కడుక్కుని టీకొట్ల ముందు చెవులు రిక్కించి నిలబడ్డారు. కాలవలు ఎక్కడివక్కడ నిండాయి.

నాగభూషణం తక్కువవాడు కాదు. మర్నాడు హోటలుకొచ్చి, "పప్పు... పప్పు... బాగుందా?" అన్నాడు, చూపు మాత్రం పరంధామయ్య మీదే ఉంచి. బల్లలు మళ్ళీ నవ్వాయి. సంఘం అత్యవసరంగా సమావేశమై, 'ప'తో మొదలయ్యే మాటలన్నీ నిషేధించింది. ఆ మర్నాడు ఆయన తువ్వాలుతో విసురుకుంటూ, "అప్పప్ప, ఏం ఎండలండీ" అన్నాడు. ఈసారి నవ్వు బస్టాండు దాకా వినబడింది.

కమిషనర్ గారికి పట్టుదల వచ్చింది. "విషవృక్షమునకు కొమ్మలు నరికిన లాభము లేదు," అన్నారు సమావేశంలో. "వేరును పెకలించవలెను. వేరు ఏది? 'ప'. కావున సదరు అక్షరము, దాని గుణింతము, దాని వత్తు, మాటకు మొదట గాని నడుమ గాని తుదను గాని, పురపాలక పరిధిలో ఎవ్వరును ఉచ్చరింపరాదు." సభ్యులు బల్లలు చరిచారు. నిబంధన ఎవరి మేలు కోసం పుట్టిందో ఆయనకే రుసుము పడితే బాగుండదని, బాధితుడికి ఒక్కడికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

మర్నాటి నుంచి ఊరి మాటతీరే మారిపోయింది. పాలు 'తెల్లనివి' అయ్యాయి. పెరుగు 'తోడేసినది' అయింది. పెళ్ళిళ్ళు కల్యాణాలై, పిల్లలు సంతానమై, పోలీసులు ఖాకీవారయ్యారు. ఆఫీసులో 'పని' అనే మాట వాడుక నుంచి పోయింది గానీ ఆ లోటు ఎవరికీ తెలియలేదు. 'తప్పు' అనే మాట పోయింది కనుక ఊళ్ళో ఎవరూ తప్పు చేయడం లేదని జిల్లాకి నివేదిక వెళ్ళింది. కలకలమల్లా 'పన్ను' దగ్గరే రేగింది. బిల్లు కలెక్టర్లు గుమ్మాల ముందు నిలబడి, అడగడానికి మాట లేక, నోరు తెరిచి వేలితో తమ ముందు పన్ను చూపించేవారు. ఇంటివాళ్ళు జాలిపడి లవంగ నూనె ఇచ్చి పంపేసేవారు. ఊరి బోర్డు మీద నిషిద్ధాక్షరాలకి సున్నం కొడితే 'రుల్లిట' అని మిగిలింది. కండక్టరు ఆ పేరు పిలుస్తుంటే మన ఊరు ఇంకా రాలేదనుకుని జనం పై ఊళ్ళకి వెళ్ళిపోయేవారు.

పరంధామయ్యని ఇప్పుడు ఎవరూ పప్పప్ప అనడం లేదు. ఆ మాటకొస్తే ఏమీ అనడం లేదు. హోటలుకొచ్చినవాళ్ళు గోడ మీద మిగిలిన 'సరట్టు'ని వేలితో చూపించి, తలొంచుకుని తిని, గల్లా దగ్గర ఓ చూపు విసిరి వెళ్ళిపోయేవారు. ఆ చూపు అర్థం సూరీడమ్మకి తెలుసు. నీ మొగుడి మూలానే కదే మాకీ మూగతనం అని. నవ్వే రోజుల్లో కనీసం పక్కన కూర్చుని నవ్వేవారు. ఒక్క తిట్టూ తిట్టకుండా ఊరంతా ఒక మనిషిని ఎలా వెలివేయగలదో పరంధామయ్య ఆ నెలలో చూశాడు. ఆ బాధకి ఏ అక్షరాన్ని నిషేధించాలో ఆయనకి తోచలేదు.

అంతలో పురపాలక సంఘం రికార్డు గదిలోకి పాము వచ్చింది. రికార్డు గుమాస్తా కంటపడింది గానీ ఆయన అరవలేకపోయాడు. తాచు అని అరవచ్చు, కానీ అది తాచో కాదో నిర్ధారణ కాకుండా అరిస్తే మెమో ఇస్తారని భయం. పరుగున రోడ్డు దాటి వచ్చి పరంధామయ్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. "మీరైతే అనవచ్చు. మీరనండి బాబూ, మేం ఆగుతాం" అన్నాడు. ఆఫీసు మొత్తం గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది.

"ప... ప... ప... ప..." అన్నాడు పరంధామయ్య. ఎవరూ లాక్కోలేదు. ఎవరూ అందించలేదు. "...పాము!"

అప్పటికి పాము తన దారిన తాను వెళ్ళిపోయింది. అయితేనేం, మాట పూర్తయింది. ఇంటికొచ్చి సూరీడమ్మతో ఆ సంగతి చెబుతూ, వాళ్ళందరూ ఆగారే, నేననేదాకా ఆగారే అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రోజుతో ఆయన దశ తిరిగింది. 'ప' కావలసినవాళ్ళందరూ హోటలు ముందు బారులు తీరారు. పూజారి గారు పరమేశ్వరుణ్ణి పిలిపించుకోవడానికి వచ్చారు. లెక్కల మాస్టారు పైథాగరస్ కోసం వచ్చారు. ప్రసాదు అనే కొడుకున్న తల్లి పొద్దుగూకే వేళ వాణ్ణి అన్నానికి పిలిపించుకుని వెళ్ళేది. ఒక కుర్రాడు ఓ పిల్లని వెంటబెట్టుకొచ్చి, సిగ్గుపడుతూ ప్రేమ సంగతి ఆయన చేత చెప్పించాడు. పరంధామయ్య ఆ మాట అనేసరికి ఆ పిల్ల ఆయనకే దణ్ణం పెట్టింది. అందరూ ఆగేవారు. ఆయన పెదాలు విడేదాకా కళ్ళప్పగించి ఆగేవారు. అట్లు మాడిపోతున్నా ఆయన పట్టించుకునేవాడు కాదు. ఊరు తన మాట కోసం నిలబడుతుంటే ఎవరికి బాగుండదు?

అలా వచ్చినవాళ్ళలో లక్ష్మీకాంతం ఒకతె. మొగుడు పోయాక పూలమ్ముకుని బతుకుతోంది. నాగభూషణం మిల్లు గేటు పక్కన అరుగు మీద ఆమె బుట్ట పెట్టుకునేది. 'పూలు' అని కేక వేయలేక రెండు రోజులు ఊరికే కూర్చుంటే మల్లెలన్నీ వాడిపోయాయి. అప్పట్నుంచి రోజూ తెల్లవారగానే పరంధామయ్య మిల్లు గేటు దాకా వెళ్ళి, ఆమె తరఫున, "ప... ప... పూలూ" అని ఓ కేక వేసి వచ్చేవాడు. ఆయన కేక పూర్తయ్యేదాకా ఆమె దండ కట్టడం ఆపి, వింటూ ఉండేది. అన్నయ్యగారూ అని పిలిచేది. ఆయనకి ఆ పిలుపు ఇష్టం.

నాగభూషణానికి మాత్రం ఆమె గేటు దగ్గర కూర్చోవడం మొదటి నుంచీ ఇష్టం లేదు. పొద్దున్నే మొగుడు పోయిన మనిషి ఎదురైతే కలిసిరాదని ఆయన నమ్మకం. ఇదివరకైతే ఆ మాట ఆమెకి వినపడేలా అనేవాడే. ఇప్పుడు అనాలంటే అక్షరం అడ్డొచ్చింది. అందుకని ఒకరోజు బాగా రద్దీగా ఉన్న వేళ హోటలుకొచ్చాడు. వచ్చి, పరంధామయ్య ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, తమరితో ఓ చిన్న మాట అవసరం వచ్చింది. రెండే అక్షరాలు. 'ఈడ' అంటాం చూశారూ, దాని ముందు తమరి అక్షరం తగిలించాలి."

పరంధామయ్యకి అర్థమైంది. నాగభూషణం చూపు ఎటుందో చూశాడు. బుట్ట చంకనెట్టుకుని లక్ష్మీకాంతం ఇటే వస్తోంది. వద్దని ఆయన మనసు అనకపోలేదు. కానీ తనకి పప్పప్ప అని పేరు పెట్టినవాడు, తన ఏ మాటనీ పూర్తికానివ్వనివాడు, ఇంతమంది ముందు చేతులు కట్టుకుని తన పెదాల వంకే చూస్తున్నాడు. బల్లలన్నీ చూస్తున్నాయి. ఎలాగూ నత్తి అడ్డుపడుతుంది, ఈలోపు ఆ పిల్ల దాటిపోతుందిలే అనుకుని నోరు తెరిచాడు.

"పీడ."

ఒక్క పెట్టున వచ్చేసింది. పెదాలు ఆగలేదు, నాలుక తడబడలేదు. వెన్న రాసినట్టు నున్నగా వచ్చింది.

హోటలంతా చప్పట్లు కొట్టింది. నత్తి తగ్గిందన్నారు. కమిషనర్ గారి నిబంధన గుణమిచ్చిందన్నారు. ఒకాయన లేచి కౌగిలించుకున్నాడు. లక్ష్మీకాంతం గుమ్మంలోనే ఆగి ఆయన మొహం వంక చూసింది. బుట్ట రెండో చంకలోకి మార్చుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మిల్లు అరుగు ఖాళీగానే ఉంది.

ఆ రాత్రి సూరీడమ్మ కంచం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు. "మంచి మాటకి మొరాయించే నోరు, దీనికెలా తిరిగిందండీ?" అని మాత్రం అడిగింది. పరంధామయ్య కంచం పక్కకి జరిపాడు. అన్నం సయించలేదు. తనని ఇన్నాళ్ళు కోసిన కత్తే తన చేతికిస్తే, ఎంత ఒడుపుగా వాడాడో తలుచుకుంటే ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

సంఘం సమావేశం రోజున వెళ్ళి నిలబడ్డాడు. సభ్యులు ఓపిగ్గా ఆగారు. ప... ప... పాపం చేశానని, మినహాయింపు వెనక్కి తీసుకోమని, నిషేధం కూడా ఎత్తేయమని ఆయన కూడదీసుకుని చెప్పాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

కమిషనర్ గారి మొహం వెలిగింది. ఆయన నల్లబల్ల దగ్గరికి నడిచారు. "ఇది మిక్కిలి ఉయుక్తమైన సమాచారము" అన్నారు. 'ప' తీసేసిన ఉపయుక్తం అది, సభ్యులకి అర్థమైంది. "సదరు మాటలో అక్షరములు రెండు. మొదటిది నిషేధములోనే ఉన్నది. అయినను స్త్రీ హృదయము గాయమైనది. కావున దోషము రెండవ అక్షరమున దాగియున్నది. అది 'డ'. దానిని తక్షణమే నిషేధించవలెను."

"దోషం అక్షరానిది కాదండీ," అన్నాడు పరంధామయ్య. "నాది."

"అది వ్యక్తిగతము," అన్నారు కమిషనర్ గారు, నొచ్చుకోకుండా. "ఈ సంఘము అక్షరములతో మాత్రమే వ్యవహరించును."

బల్లలు చరచబోయిన సభ్యులు ఎందుకో ఆగారు. మూడో వార్డు సభ్యుడు మెల్లిగా లేచి, 'డ' కూడా పోతే, ఆ తర్వాత, రోడ్ల బిల్లుల తాలూకు, అదీ, దాన్ని ఏమని అడగాలని సందేహం వెలిబుచ్చాడు. నోటితో అనకుండా బొటనవేలితో చూపుడువేలు రుద్ది చూపించాడు. డబ్బు అనే మాట లేని పురపాలక సంఘాన్ని వాళ్ళలో ఎవరూ ఊహించుకోలేకపోయారు. వెనక కూర్చున్న కాంట్రాక్టర్లు లేచి నిలబడ్డారు. ఊరంతా మూగబోయినప్పుడు కదలని మనసులు అప్పుడు కదిలాయి. టీ వచ్చేలోపు 'డ' ప్రతిపాదన వీగిపోయింది, టీ తాగేలోపు 'ప' నిషేధం రద్దయింది. ప్రజల వాక్‌స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తూ ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయమని రాసుకున్నారు. కమిషనర్ గారికి రాజధానిలో ఇతర కమిషనర్లకి శిక్షణ ఇచ్చే ఉద్యోగం వచ్చిందని భోగట్టా.

పరంధామయ్య ఇంటికి వెళ్ళలేదు. నేరుగా కాలవ గట్టు వెంట లక్ష్మీకాంతం ఉండే వీధికి నడిచాడు. నిషేధం పోయిన ఉత్సాహంలో ఉన్న జనం, ఈయన ఎటు వెళ్తున్నాడో చూద్దామని వెనకే వచ్చారు. నాగభూషణం కూడా వచ్చాడు.

ఆమె గుమ్మంలో కూర్చుని కనకాంబరాలు కడుతోంది. ఆయన్ని చూసి లేవలేదు.

"అమ్మా, ఆ రోజు నేను అన్నది," అని మొదలుపెట్టాడు. "అది ప... ప... ప..."

"పొరపాటు," అన్నారు వెనక నుంచి ఎవరో.

"పాపం అంటాడులే," అన్నారు ఇంకొకరు.

"పోనీలే అమ్మాయ్, పెద్దమనిషి ఇంత దూరం వచ్చాడు, ఏదో ఒకటి అన్నాడనుకో," అన్నాడు నాగభూషణం.

పరంధామయ్య అలవాటు కొద్దీ తలాడించబోయాడు. లక్ష్మీకాంతం చెయ్యెత్తింది. జనం ఆగారు. ఆమె కడుతున్న దండ బుట్టలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"ఎవరూ అందించక్కర్లేదు," అంది. "ఆ రోజు ఆ మాట గబుక్కున వచ్చేసింది కదా అన్నయ్యగారూ. ఈ మాట ఎంతసేపటికి వస్తే అంతసేపటికి రానివ్వండి. నాకు మీ నోటితోనే వినాలని ఉంది."

పరంధామయ్య పెదాలు తడుపుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.